వీడియోల జాబితా పెంచే ముందు నోట్‌బుక్ పట్టుకుని ఒకసారి ట్యూటరింగ్ సెంటర్‌కి వెళ్లండి

సలహా అడుగుతూ మీరు రాసినదాన్ని నేను అర్థం చేసుకున్నంత వరకు సంగతి ఇది. మొదటి ఏడాదిలో కాలిక్యులస్ పోయింది, స్టాటిస్టిక్స్ బొటాబొటి మార్కులతో గట్టెక్కింది. కాలిక్యులస్ మళ్లీ చదవాలి. ఇప్పుడు డబ్బు కట్టి ఆన్‌లైన్ కోర్సులో చేరాలా, కాలేజీలో ఉచితంగా ఉన్న ట్యూటరింగ్ సెంటర్‌కి వెళ్లాలా అని తేల్చుకోలేకపోతున్నారు. సెంటర్‌కి వెళ్తే వీక్ స్టూడెంట్ అనుకుంటారేమోనని మొహమాటం. వీడియోలు చూస్తున్నంతసేపు అంతా అర్థమవుతోంది, పరీక్ష హాల్లో మాత్రం చెయ్యి కదలడం లేదు.

నేను ఒక కాలేజీలో ఇలాంటి లెర్నింగ్ సెంటర్లోనే పదిహేడేళ్లుగా పనిచేస్తున్నాను. మొదట ట్యూటర్‌గా, ఇప్పుడు ట్యూటర్లకు ట్రైనింగ్ ఇచ్చే పనిలో. నా జవాబు సూటిగా చెప్పేస్తాను. ముందు సెంటర్‌కి వెళ్లండి. ఆన్‌లైన్ కోర్సు వద్దని కాదు, మీకు ఏ కోర్సు కావాలో మీకు ఇంకా తెలియదు కాబట్టి.

ఎందుకలా అంటున్నానో ఒక ఉదాహరణతో చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒకమ్మాయి వచ్చింది. కాలిక్యులస్‌లో ఇంటిగ్రేషన్ రావడం లేదని చెప్పింది. ఫోన్ తీసి చూపించింది, ఇంటిగ్రేషన్ మీద నలభైకి పైగా వీడియోలు చూసేసి ఉంది. నోట్సు కూడా ముచ్చటగా, రంగు పెన్నులతో రాసుకుంది. ఒక లెక్క ఇచ్చి, నేనేమీ మాట్లాడను, మీరు చేస్తూ ఉండండి అన్నాను. పద్ధతి సరిగ్గానే మొదలుపెట్టింది. మూడో లైన్లో 1/(ఎక్స్+2) అనేదాన్ని 1/ఎక్స్ + 1/2 అని విడగొట్టి రాసేసి, చకచకా కిందికి వెళ్లిపోయింది. ఆపి, ఎక్స్ స్థానంలో 2 పెట్టి చూడండి అన్నాను. ఎడమవైపు 1/4 వచ్చింది. కుడివైపు 1/2కి 1/2 కలిపితే 1 వచ్చింది. కాసేపు పేజీ వంకే చూస్తూ ఉండిపోయింది. "ఇంటర్ నుంచీ ఇలాగే చేస్తున్నాను సార్" అంది.

ఆమెకు ఇంటిగ్రేషన్ వచ్చు. రానిది భిన్నాలు. నొప్పి ఒకచోట ఉంటే మందు ఇంకోచోట రాసుకుంటూ మూడు నెలలు గడిపింది. ఆ నలభై వీడియోల్లో ఏ ఒక్కటీ ఆమెకు ఈ సంగతి చెప్పలేదు, చెప్పే వీలూ లేదు, ఎందుకంటే వీడియోకి మీ నోట్‌బుక్ కనిపించదు. ఆ తర్వాత ఖాన్ అకాడమీ అనే ఉచిత పాఠాల సైట్‌లో స్కూలు స్థాయి భిన్నాల పాఠాలు తీసి రెండు సాయంత్రాలు కూర్చుంది. ఇక్కడ ఆన్‌లైన్ బ్రహ్మాండంగా పనికొచ్చింది. కానీ ఆ పేజీ తెరవాలని ఆమెకు తెలియడానికి ఎదురుగా ఒక మనిషి కూర్చోవాల్సి వచ్చింది.

వీడియో చూస్తే అర్థమవుతోంది, పరీక్షలో రావడం లేదు అన్నారు కదా. ఇది మీ ఒక్కరి బాధ కాదు. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులు కాలేజీ విద్యార్థులకు చిన్న పాఠాలు ఇచ్చి చదివించారు. కొందరు అదే పాఠాన్ని మళ్లీ చదివారు. కొందరు పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే తలకిందులైంది, మూసి రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. 2019లో హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల్లో జరిగిన పరిశీలన ఇంకా తమాషాగా ఉంటుంది. చక్కటి లెక్చర్ విన్న విద్యార్థులు బాగా నేర్చుకున్నామని చెప్పారు, తామే లెక్కలతో కుస్తీ పట్టిన విద్యార్థులు పెద్దగా నేర్చుకోలేదని చెప్పారు. పరీక్ష పెడితే కుస్తీ పట్టినవాళ్లకే ఎక్కువ మార్కులు వచ్చాయి.

అంటే, హాయిగా అర్థమైపోతోంది అనే ఫీలింగ్‌ను నమ్మడానికి లేదు. వీడియోలో చెప్పేవాడి చెయ్యి కదులుతుంది, మీ తల ఊగుతుంది. పరీక్షలో కదలాల్సింది మీ చెయ్యి.

ఇక మొహమాటం సంగతి. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలని ఉంది, ఎందుకంటే మా దగ్గరికి రానివాళ్లలో చాలామందిని ఆపేది ఇదే. 1973లో అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయం కాన్సాస్ సిటీ క్యాంపస్‌లో డీనా మార్టిన్ అనే ఆవిడ సప్లిమెంటల్ ఇన్‌స్ట్రక్షన్ అనే పద్ధతి మొదలుపెట్టారు. అప్పటిదాకా సపోర్ట్ అంటే వెనకబడ్డ విద్యార్థులను ఏరి, వాళ్లను విడిగా కూర్చోబెట్టి చెప్పడమే. ఆవిడ చూపు తిప్పారు. విద్యార్థులను ఏరడం మానేసి, ఎక్కువమంది తప్పుతున్న సబ్జెక్టులను ఏరారు. ఆ సబ్జెక్టు చదివేవాళ్లు ఎవరైనా రావచ్చు. ఇంతకుముందు అదే కోర్సులో మంచి మార్కులు తెచ్చుకున్న సీనియర్ ఒకరు మళ్లీ క్లాసులో కూర్చుంటారు, వారానికి కొన్నిసార్లు గ్రూప్ సెషన్ నడుపుతారు. పాఠం మళ్లీ చెప్పరు, వచ్చినవాళ్ల చేతే చేయిస్తారు. ఈ పద్ధతి తర్వాత చాలా దేశాలకు పాకింది, కొన్నిచోట్ల దీన్నే పాస్ అని, అంటే పీర్ అసిస్టెడ్ స్టడీ సెషన్స్ అని పిలుస్తారు. మీ కాలేజీలో కాలిక్యులస్‌కు ఇలాంటిది ఉందేమో మొదట కనుక్కోండి. ఉంటే అదే మీకు అన్నిటికన్నా సుఖమైన దారి. అక్కడ ఫస్ట్ ర్యాంకు వాళ్లూ కూర్చుంటారు, మిమ్మల్ని ప్రత్యేకంగా చూసేవాళ్లెవరూ ఉండరు.

మా సెంటర్లోనైనా అంతే. మాకు వచ్చేవాళ్లలో ఫెయిలైనవాళ్లు ఉంటారు, మంచి మార్కులను ఇంకాస్త పెంచుకోవాలనుకునేవాళ్లూ ఉంటారు. తలుపు తీసుకుని లోపలికి వచ్చే మనిషి ఏ రకమో నాకు ఈరోజుకీ ముఖం చూసి చెప్పడం రాదు.

ఒక్క షరతు ఉంది. ఖాళీ చేతులతో రాకండి. "మొత్తం చాప్టర్ అర్థం కాలేదు" అని వచ్చేవాళ్లకు మేం చేయగలిగేది చాలా తక్కువ, గంటసేపు ఆ చాప్టర్ మళ్లీ చెబుతాం, వాళ్లు మళ్లీ తల ఊపుతారు. మీ పాత జవాబు పత్రం తెచ్చుకోండి. అది దొరక్కపోతే మూడు లెక్కలు ప్రయత్నించి, ఎక్కడ ఆగిపోయారో అక్కడ గీత గీసి తెచ్చుకోండి. తప్పు చేసిన పేజీని చింపేసి, నీట్‌గా మళ్లీ రాసి తెచ్చేవాళ్లను చూస్తే నాకు ఏడుపొస్తుంది. మాకు కావలసింది ఆ చింపేసిన పేజీయే.

మంచి ట్యూటర్‌ను ఎలా గుర్తుపట్టాలి? పెన్ను ఎవరి చేతిలో ఉందో చూడండి. కొత్తలో నేను కూడా ఈ పొరపాటు బాగా చేశాను. ఎదుటివాళ్లు తడబడగానే పెన్ను లాక్కుని లెక్క చేసి చూపించేవాణ్ని. వాళ్లు థ్యాంక్స్ చెప్పి సంతోషంగా వెళ్లేవాళ్లు, మరుసటి వారం అదే లెక్కతో మళ్లీ వచ్చేవాళ్లు. మా సీనియర్ ఒకావిడ రెండు రోజులు గమనించి, "నీకు కాలిక్యులస్ వచ్చని అందరికీ తెలిసిపోయిందిలే, ఇక వాళ్లను చేయనీ" అన్నారు. అప్పటినుంచి రెండు చేతులూ బల్ల కింద పెట్టుకుని కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. మీ ట్యూటర్ పెన్ను లాక్కుంటే మర్యాదగానే, "నేను చేస్తాను, తప్పు వచ్చిన చోట ఆపండి" అని అడగండి. అప్పటికీ వినకపోతే వేరే ట్యూటర్ దగ్గర స్లాట్ తీసుకోండి. ఇందులో ఎవరూ నొచ్చుకోరు.

ఒకరితో ఒకరు కూర్చుని నేర్పితే వచ్చే ఫలితం గురించి పాత లెక్క ఒకటి ఎక్కడ చూసినా కనిపిస్తుంది. 1984లో బెంజమిన్ బ్లూమ్ అనే విద్యా పరిశోధకుడు రాసిన వ్యాసంలో, అలా నేర్చుకున్న సగటు విద్యార్థి మామూలు క్లాసులో ఉన్న 98 శాతం మందిని దాటాడని ఉంది. తర్వాత వచ్చిన పరిశోధనల్లో అంత పెద్ద తేడా కనబడలేదు. ఆ 98ని చూపించి ఫీజు వసూలు చేసే ప్రైవేట్ ట్యూషన్ల ప్రకటనలు చూస్తే కాస్త ఆగండి. లాభం ఉంది, మహిమలు లేవు.

లెక్చరర్ల ఆఫీస్ అవర్స్‌ను మీరు ప్రస్తావించనే లేదు. చాలామంది ప్రస్తావించరు. పరీక్ష పేపర్ తయారుచేసే మనిషి వారానికి రెండు గంటలు తలుపు తీసుకుని కూర్చుంటే, ఆ తలుపు ముందు నుంచి తల దించుకుని వెళ్లిపోతారు. ఏం మాట్లాడాలో తెలియక భయపడతారు. ముందు ఒక మెయిల్ పెడితే సగం భయం పోతుంది. "సార్, నాకు నాలుగో చాప్టర్ అర్థం కావడం లేదు" అని రాస్తే ఆయనకూ ఏం జవాబివ్వాలో తోచదు. ఇలా రాసి చూడండి: "సార్, నాలుగో చాప్టర్‌లో 12వ లెక్క రెండుసార్లు చేశాను. సబ్‌స్టిట్యూషన్ దాకా వచ్చింది, లిమిట్స్ మార్చే దగ్గర నా జవాబు పుస్తకంతో కలవడం లేదు. పేజీ ఫొటో జత చేశాను. బుధవారం ఆఫీస్ అవర్స్‌లో వచ్చి పది నిమిషాలు మాట్లాడవచ్చా?" ఐదు లైన్లు కూడా లేవు. ఇలాంటి మెయిల్‌కు విసుక్కునే లెక్చరర్‌ను నేను దాదాపు చూడలేదు.

కాలేజీలో మిగతా తలుపుల గురించి త్వరగా చెప్పేస్తాను. రైటింగ్ సెంటర్ అంటే గ్రామర్ తప్పులు దిద్దే చోటు అనుకుంటారు, కాదు. మీ వ్యాసంలో వాదన నిలబడుతోందా లేదా అన్నది వాళ్లు ముందు చూస్తారు, కాబట్టి డ్రాఫ్ట్ సగంలో ఉండగానే వెళ్లాలి. అలాంటిది మీ కాలేజీలో లేకపోతే పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్ల ఆన్‌లైన్ రైటింగ్ ల్యాబ్ అందరికీ ఉచితం, రెఫరెన్సులు ఎలా రాయాలో అందులో వివరంగా ఉంటుంది. లైబ్రరీలో సబ్జెక్టుకో లైబ్రేరియన్ ఉండే కాలేజీలు చాలా ఉన్నాయి. మీరు మూడు గంటలు వెతికేది వాళ్లు పావుగంటలో తీసి చూపిస్తారు. టెక్స్ట్ పుస్తకం ధర భారమైతే రైస్ విశ్వవిద్యాలయం నడిపే ఓపెన్‌స్టాక్స్‌లో కాలిక్యులస్, స్టాటిస్టిక్స్ పుస్తకాలు పూర్తిగా ఉచితంగా దొరుకుతాయి. చూపు, వినికిడి, డిస్లెక్సియా, ఏకాగ్రత, తీవ్రమైన ఆందోళన లాంటి ఇబ్బంది ఏదైనా ఉంటే డిసబిలిటీ ఆఫీస్‌లో సెమిస్టర్ మొదట్లోనే నమోదు చేయించుకోండి. పరీక్షలో అదనపు సమయం లాంటివి మంజూరైన రోజు నుంచే వర్తిస్తాయి. అయిపోయిన పరీక్షకు సాధారణంగా వెనక్కి వెళ్లి ఇవ్వరు.

అడ్వైజర్‌ను మాత్రం, అంటే ఏ కోర్సులు తీసుకోవాలో సలహా ఇచ్చే మనిషిని, తేలిగ్గా తీసుకోకండి. ఒక కోర్సు నుంచి ఫెయిల్ గ్రేడ్ పడకుండా తప్పుకోవడానికి దాదాపు ప్రతి కాలేజీలోనూ ఒక ఆఖరు తేదీ ఉంటుంది. ఆ తేదీ దాటిన రెండో రోజు మా సెంటర్‌కి వచ్చిన విద్యార్థులు ఎంతమందో నాకు లెక్క లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. తప్పుకుంటే స్కాలర్‌షిప్ మీద, ఫీజు మీద, తర్వాతి కోర్సుల మీద ఏ ప్రభావం పడుతుందో అడ్వైజర్‌కే తెలుస్తుంది. ఈ రాత్రే అకడమిక్ క్యాలెండర్ తీసి, ఆ తేదీని ఫోన్‌లో అలారంగా పెట్టుకోండి. దానికి రెండు వారాల ముందు ఇంకో అలారం పెట్టండి.

ఇప్పుడు ఆన్‌లైన్. డబ్బు కట్టే ముందు ఒక మాట తెలుసుకోండి. మీ సిలబస్‌కు కావలసిన కాలిక్యులస్ అంతా ఉచితంగానే ఉంది. ఎమ్‌ఐటీ అనే అమెరికా విశ్వవిద్యాలయం 2001లోనే తన కోర్సుల సామగ్రిని ఓపెన్‌కోర్స్‌వేర్ పేరుతో అందరికీ పెడతామని ప్రకటించింది. లెక్చర్ వీడియోలతో పాటు పాత పరీక్ష పేపర్లు, వాటి జవాబులు అందులో ఉన్నాయి. నా దృష్టిలో వీడియోల కన్నా ఆ పేపర్లే బంగారం. అక్కడ సర్టిఫికెట్ ఇవ్వరు, డెడ్‌లైన్లు ఉండవు. కోర్సెరా, ఎడెక్స్ లాంటి ఆన్‌లైన్ కోర్సుల సైట్లలో రెండూ ఉంటాయి. అంటే మీరు డబ్బు కట్టేది ఎక్కువగా పాఠానికి కాదు, గడువుకీ కాగితానికీ. గడువు లేకపోతే కూర్చోలేని మనిషినని మీకే తెలిస్తే, అది కొనుక్కోవడంలో తప్పు లేదు.

ఎందుకంటే మధ్యలో వదిలేయడం అనేది ఆన్‌లైన్ చదువుకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఎమ్‌ఐటీ, హార్వర్డ్ ఎడెక్స్‌లో పెట్టిన ఓపెన్ కోర్సుల లెక్కలు 2019లో 'సైన్స్' అనే పరిశోధన పత్రికలో వచ్చాయి. 2017-18లో చేరినవాళ్లందరిలో పూర్తి చేసింది సుమారు 3 శాతం. సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టినవాళ్లలో మాత్రం సగానికి దగ్గరగా పూర్తి చేశారు. ఊరికే చూద్దామని చేరేవాళ్లు బోలెడు మంది కాబట్టి ఆ 3ని చూసి బెదిరిపోనక్కర్లేదు. నేనే ఒకసారి డేటా కోర్సు ఒకటి మొదలుపెట్టి, రెట్టింపు స్పీడులో వీడియోలు చూస్తూ మూడో వారం దాకా వచ్చి, మొదటి అసైన్‌మెంట్ తెరవగానే ఆపేశాను. ఇంకా అకౌంట్‌లో అలాగే పడి ఉంది.

మీకు ఇంకా దగ్గరి విషయం ఒకటుంది. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు కమ్యూనిటీ కాలేజీల మీద షూ, జాగర్స్ అనే పరిశోధకులు చేసిన పనిలో, విద్యార్థులు ఎదురుగా కూర్చుని చదివే కోర్సుల కన్నా ఆన్‌లైన్ కోర్సుల్లో తక్కువ రాణించారని తేలింది. ఆ తేడా అందరికీ ఒకేలా లేదు, అప్పటికే మార్కులు తక్కువగా ఉన్నవాళ్లకు ఎక్కువగా ఉంది. కాబట్టి ఇప్పటికే ఒకసారి పోయిన సబ్జెక్టును మళ్లీ చదవడానికి పూర్తి ఆన్‌లైన్ సెక్షన్ ఎంచుకోవద్దని నా సలహా. క్లాసు ఉన్న సెక్షన్‌లోనే చేరండి, పక్కన ఆన్‌లైన్‌ను సాయంగా పెట్టుకోండి. స్టాటిస్టిక్స్ మీకు కాస్త పట్టుబడింది కాబట్టి, దాని తర్వాతి కోర్సును ఆన్‌లైన్‌లో ప్రయత్నించినా ఫర్వాలేదు.

ఉద్యోగం వల్లో దూరం వల్లో ఆన్‌లైన్ తప్పదంటే, ఎప్పుడైనా చూసుకోవచ్చు అనే రికార్డెడ్ కోర్సు కన్నా ఫలానా టైముకి లైవ్‌లో జరిగేది తీసుకోండి. వీడియోలు చిన్నవిగా ఉన్నాయా చూడండి. 2014లో ఎడెక్స్‌లోని నాలుగు కోర్సుల్లో 69 లక్షల వీడియో సెషన్లను పరిశీలిస్తే, వీడియో ఎంత పొడవున్నా సగటు విద్యార్థి ఆరు నిమిషాలకు మించి నిలవడం లేదని తేలింది. అన్నిటికన్నా ముఖ్యంగా, బయటి కోర్సు క్రెడిట్‌ను (డిగ్రీకి కలిసే పాయింట్లను) మీ కాలేజీ లెక్కలోకి తీసుకుంటుందో లేదో ఫీజు కట్టే ముందే మీ డిపార్ట్‌మెంట్ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి. కోర్సు అమ్మేవాళ్ల చాట్ విండోలో "తీసుకుంటారు సార్" అన్న మాట ఎందుకూ పనికిరాదు. పూర్తి చేసిన సర్టిఫికెట్ వేరు, క్రెడిట్ వేరు.

చాట్‌బాట్ల గురించి మీరు అడగలేదు, అయినా వాడుతూనే ఉంటారు కాబట్టి చెబుతున్నాను. లెక్క ఇచ్చి జవాబు అడిగితే అది ఇంకో వీడియో లాంటిదే, తల ఊపడానికి పనికొస్తుంది. మీ పరిష్కారం మొత్తం టైప్ చేసి, "జవాబు చెప్పొద్దు, మొదటి తప్పు ఏ లైన్లో ఉందో మాత్రం చెప్పు" అని అడగండి. అది తప్పులు కూడా ధీమాగా చెబుతుంది, కాబట్టి సంఖ్య పెట్టి సరిచూసుకోండి, ఆ అమ్మాయి 2 పెట్టి చూసినట్టు. మీ కోర్సులో దాన్ని వాడనిస్తారో లేదో సిలబస్ కాగితం మీద చూడండి. ఇక అసైన్‌మెంట్ హెల్ప్ పేరుతో డబ్బు తీసుకుని రాసిపెట్టే సైట్ల జోలికి పోవద్దు. పట్టుబడితే డిగ్రీకే ఎసరు, పట్టుబడకపోయినా మీ పేరు, మీ కాలేజీ పేరు వాళ్ల దగ్గర ఉంటాయి. తర్వాత వాటినే చూపించి డబ్బు గుంజిన సంగతులు నాకు నేరుగా తెలుసు.

మీ విషయానికి వస్తే, ఈ వారం కొత్త కోర్సు ఏదీ కొనకండి. పాత కాలిక్యులస్ పేపర్ తీసి, పోయిన ప్రతి మార్కు పక్కన ఎందుకు పోయిందో ఒక ముక్క రాయండి. పద్ధతి తెలియకా, ఆల్జీబ్రా తప్పా, ప్రశ్న అర్థం కాకా, టైం చాలకా. టైం చాలలేదని ఎక్కువసార్లు వస్తే మీకు కావలసింది పాఠం కాదు, గడియారం పెట్టుకుని చేసే ప్రాక్టీస్. ఆల్జీబ్రా అని వస్తే ఆ అమ్మాయి కథే మీ కథ. ఆ కాగితంతో సెంటర్‌లో వారానికి ఒక స్లాట్ చొప్పున నాలుగు వారాలకు ముందే బుక్ చేసుకోండి. మిడ్‌టర్మ్‌కి వారం ముందు మా దగ్గర కుర్చీ దొరకదు.

తలుపు దగ్గర ఏం చెప్పాలో తెలియడం లేదని కూడా రాశారు కదా. "కాలిక్యులస్ మళ్లీ చదువుతున్నాను, ఈ లెక్కలో ఇక్కడ ఆగిపోయాను" అని పేజీ చూపించండి. లోపల ఉన్నవాళ్లు కుర్చీ జరుపుతారు.